సందెవేళ అడిగిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో సందెవేళ కొన్ని మాటలు అనకూడదు. ఆ వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, చెడు మాట వాళ్ల చెవిన పడితే అట్లాగే జరగనీ అంటారని మా నాయనమ్మ గట్టి నమ్మకం. బియ్యం అయిపోయినా 'నిండుకున్నాయి' అనాలి. చావు అనే మాటయితే పగటి పూట కూడా మా గడప దాటి లోపలికి రాలేదు. మాట రాలేదు గాని, చావు వచ్చింది.

మాది పాల్వంచకూ భద్రాచలానికీ మధ్య, అడవి అంచున ఉన్న ఊరు. నాన్న పాల్వంచలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. డెబ్బైల నడుమ ఒక వానాకాలం మా తమ్ముడికి జ్వరం వచ్చింది. ఊరి ముందు వాగు పొంగి బస్సు ఆగిపోయింది. అమ్మ వాణ్ని ఒళ్లో పెట్టుకుని ఒడ్డునే కూర్చుంది. నీళ్లు తగ్గేసరికి దవాఖానాకు పోవాల్సిన పని లేకుండా పోయింది.

ఆ తర్వాత వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. ఉయ్యాల చీర మడిచి అటకెక్కించారు. అమ్మ కొన్నాళ్లు ఏడ్చి, ఏడవడం మానేసింది. మానేసినందుకు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాని ఏ పనిలో ఉన్నా ఆమె చెవి వాగు వైపే ఉండేది. వాన లేని రోజు కూడా "మోత ఇనొస్తుందా?" అని నన్ను అడిగేది. నాకేమీ వినిపించేది కాదు.

మళ్లీ వానలు పడే ముందు అమ్మ ఉన్నట్టుండి చురుకైంది. నాకు జడ వేసుకోవడం నేర్పింది. గంజి వార్చడం, నాన్న డ్యూటీ డబ్బా సర్దడం నేర్పింది. తన పట్టుచీర పిన్నికి ఇచ్చేసింది. పెట్టెలో బట్టలు దులిపి, ఎవరివి వాళ్లకు వేరుగా మడతలు పెట్టింది. కోడలు తేరుకుందని నాయనమ్మ మురిసిపోయింది. నేనూ మురిశాను. కాని నేర్పుతున్నంతసేపూ అమ్మ నా ముఖం చూసేది కాదు, నా చేతులే చూసేది.

పక్కింట్లో కిరాయికి ఉండే నర్సక్క భద్రాచలంలో ఒక దవాఖానాలో పనిచేసేది. చర్చికి పోయే కుటుంబం వాళ్లది. మనసు చెదిరినవాళ్లతో కూర్చుని మాట్లాడే పని కూడా ఆమె అక్కడ నేర్చుకుంది. దాన్ని కౌన్సెలింగ్ అంటారని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఒక సాయంత్రం బస్సు దిగి వస్తూ ఆమె నన్ను చూసి నవ్వింది.

"ఏందే, జడ గిట్ల వంకర పోయింది? ఎవరేసిండ్రు?"

"నేనే అక్కా. అమ్మ నేర్పింది. అన్నం గూడ నేనే వండుతున్న."

ఆమె నవ్వు ఆగింది. ఇంకేం నేర్పిందని అడిగింది. పట్టుచీర సంగతితో సహా గొప్పగా చెప్పాను. అక్క తన ఇంటికి పోలేదు. చేతిసంచితోనే మా ఇంట్లోకి వచ్చింది.

అమ్మ దీపం ముందు వత్తి సరిచేస్తోంది. అక్క పక్కనే కింద కూర్చుని, చాయ్‌కి చక్కెర అడిగినంత మామూలుగా అడిగింది.

"వదినా, సచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు?"

నాయనమ్మ చేతిలో చేట జారింది. "నీ నోట్ల మన్నువడ! దీపం పెట్టే యాళ గదేం మాటే? దేవతలు తథాస్తంటే?"

"అంటే అననియ్యి పెద్దమ్మా. బతకాలె అన్న మాట గూడ గీ యాళనే అందాం. దేవతలు గదీ ఇంటరు గద!" అంది అక్క, అమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా.

గాలి లేదు. అయినా అమ్మ గీసిన అగ్గిపుల్లకు వత్తి అంటుకోలేదు. అప్పుడు అమ్మ "అవ్" అంది.

అమ్మ భుజాలు, నెత్తి మీది బిందె ఎవరో అందుకున్నట్టు, కిందికి దిగాయి. వాగు పిలుస్తున్నట్టుంటుందని, పిల్లవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడనిపిస్తుందని చెప్పింది. అక్క ధైర్యం చెప్పలేదు. దేవుడి రాత అనలేదు. వాడి పేరు అడిగింది. ఏం తినేవాడని అడిగింది. అమ్మ బెల్లం అంటే, చేట దగ్గర నిలబడ్డ నాయనమ్మ "బెల్లం గాదే, పేలాలు" అని దిద్దుతూ వచ్చి తనూ కూలబడింది. అంతకాలానికి వాడు మళ్లీ మా ఇంట్లోకి వచ్చాడు.

అమ్మను ఒంటరిగా వదలొద్దని, తెల్లవారి దవాఖానాకు తీసుకురమ్మని, డ్యూటీ దిగి వచ్చిన నాన్నకు అక్క చెప్పింది. జనం పిచ్చిదంటారని నాన్న నసిగాడు. "మొన్న మొలలకు చూపిచ్చుకున్ననాడు నిన్ను జనం ఏమన్లేదా అన్నా? అయినా పోయినవ్ గద!" అంది అక్క. అమ్మ పెదవి కొద్దిగా కదిలింది.

డాక్టరు మందులిచ్చాడు. వారం వారం అక్కతో మాటలు. ఆ వానాకాలమంతా వాగు మోత నిజంగానే వినిపించింది. అమ్మ లేచి గుమ్మం దాటితే నాయనమ్మ వెనకే లేచేది. కొన్ని రోజులు మళ్లీ పాడయ్యేవి. కాని అప్పుడు "ఇయ్యాల మంచిగ లేదు" అని అమ్మే చెప్పి పక్కింటికి పోయేది. వానలు వెనకబట్టాక ఒక పొద్దున నా చేతిలోంచి దువ్వెన లాక్కుని, "ఇటు రా, గదేం జడే" అంది.

ఇప్పుడు నాకు డైరీ రాసే అలవాటు ఉంది; అందులో ఏ రోజుకారోజు సంగతులతో పాటు ఎవరు ఎట్లా ఉన్నారో ఒక మాట రాస్తాను. వస్తువులు పంచేస్తున్నవాళ్లు, దిగులులోంచి ఉన్నట్టుండి తేలికపడ్డవాళ్లు కనిపిస్తే ఆ ప్రశ్న అడుగుతాను. కొందరు నవ్వారు. ఒకాయన తిట్టి తలుపేసుకున్నాడు. పోయిన వానాకాలం, దీపాలు పెట్టే వేళ, మా వీధి చివర ఇంటి కోడలిని అడిగాను. ఆ పిల్ల నా చేతుల వైపే చూసి, "అవ్" అంది.

నేను ఆమె పక్కన కింద కూర్చున్నాను.