చుక్కలమ్మ బోర్డు

ఆస్పత్రి కింది అంతస్తులో, బట్టలుతికే గదిలో, ఆమెను ఎదురుగా అందరూ మేడమ్ అనేవారు. వెనకాల మాత్రం చుక్కలమ్మ. ఆ పేరు తనకు తెలియనట్టు ఆమె నటించేది. ఆమెకు తెలియదని నమ్మినట్టు వాళ్ళూ నటించేవారు.

పేరు ఊరికే రాలేదు. పన్నెండేళ్ళు అదే గదిలో దుప్పట్లు విదిలించి, పిండి, మడతలు పెట్టి, చివరికి సూపర్వైజరైన మనిషి. అయిన మొదటి నెలలోనే గోడకు తెల్లబోర్డు కొట్టించి, పనివాళ్ళు ఆరుగురి పేర్లూ వరసగా రాయించింది. మూట విప్పి విదిలించకుండా మిషన్లో వేస్తే ఎర్ర చుక్క. మరక పోకపోతే చుక్క. చేతికి సూది గుచ్చుకుంటే, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యలేదని దానికీ చుక్కే! మూడు చుక్కలు పడ్డాయా, ఆ నెల ఆదివారం సెలవులు హుళక్కే. నెల మారినా పడ్డ చుక్క చెరగదు.

మొదటి నెల బోర్డంతా పేలిన ఒంటిలా ఎర్రగా ఉంది. రెండో నెలలో పది రోజులు దాటేసరికి చుక్కలు ఆగిపోయాయి. నలభై రోజులు గడిచినా కొత్త చుక్క ఒక్కటి లేదు. ఆస్పత్రి మేనేజరు స్వయంగా మెట్లు దిగొచ్చి, "భేష్! పని ఎలా రాబట్టాలో మిగతా సూపర్వైజర్లు నిన్ను చూసి నేర్చుకోవాలి" అన్నాడు. ఆ వారమంతా ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. ఇంట్లో భర్తకు మూడుసార్లు చెప్పింది. పాపం, ఆయన మూడుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నాడు.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం భోజనాలవుతూనే ఫోను మోగింది. పైన ఆపరేషన్ థియేటర్ నుంచి నర్సు.

"ఒక పట్టుకారు లెక్క తగ్గింది. రక్తం కారకుండా బిగించేది. పేషెంటు ఇంకా టేబుల్ మీదే ఉంది, పొట్ట కుట్టకుండా ఆగాం. గంట కిందట తడిసిన గుడ్డలు మార్చి మూట మీకు పంపేశారు. లెక్క అయ్యేదాకా పంపకూడదు, పొరపాటైపోయింది. అందులో ఉందేమో చూడండి."

"చూసి చెప్తాను."

"తొందరగా చెప్పండి. ఎక్స్‌రే మిషన్ చెడిపోయి కూర్చుంది. మీ దగ్గర లేదంటే పొట్టలోనే ఉన్నట్టు, డాక్టరుగారు మళ్ళీ మొదట్నుంచీ వెతకాలి. ఇప్పటికే బోలెడు రక్తం పోయింది, ఆవిడ తట్టుకోలేదు. పది నిమిషాలు ఆగుతామన్నారు."

ఆమె పరుగున మూటలు విప్పే టేబుల్ దగ్గరికి వచ్చింది. మూట లేదు. అందులోని గుడ్డలు అప్పటికే ఉతికి, పిండి, తోపుడుబండిలో వేసి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి విదిలించింది. ఏమీ రాలలేదు. మిషన్ డ్రమ్ములోకి వంగి చేత్తో తడిమింది. లోపలి రేకుమీద వేలెడు పొడవు గీత చేతికి తగిలింది. ఇనుమేదో అందులో పడి తిరిగింది. తిరిగినదాన్ని ఎవరో తీశారు. కానీ ఆ గీత ఇవాళ్టిదో నిన్నటిదో ఎవరు చెప్పాలి? గీత ఉంది, పొట్ట కుట్టెయ్యండి అనగలదా?

"ఎవరు తీశారు?" అని అరిచింది. "మర్యాదగా చెప్పండి. తర్వాత తెలిసిందో, ఒక్కొక్కరి తోలు తీస్తా!"

మిషన్ నడిపే పెద్దాయన, అందరూ బాబాయ్ అని పిలిచేవాడు, సబ్బుపొడి డబ్బా మూత సర్దుతున్నాడు. మూటలు విప్పే అమ్మాయి ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"మాకేం తెలీదు మేడమ్," అంది ఇస్త్రీ చేసే ఆవిడ, అందరి తరఫునా.

నాలుగు నిమిషాలు అయిపోయాయి. ఇంకా గట్టిగా అరుద్దామని నోరు తెరిచింది. అప్పుడే, పొద్దున ఇంట్లో జరిగింది గుర్తొచ్చింది. దిండుగలీబు మారుస్తుంటే కూతురి లెక్కల పరీక్ష పేపరు అందులోంచి జారిపడింది, నాలుగు మడతలు పెట్టి. ఎందుకు దాచావే అంటే, "చెబితే అరుస్తావుగా అమ్మా" అంది పిల్ల. దాచినందుకు ఇంకో రెండింతలు అరిచి డ్యూటీకి వచ్చింది ఈ మహాతల్లి.

తెరిచిన నోరు మూసుకుంది. తడిగుడ్డ తీసుకెళ్ళి బోర్డు మీద చుక్కలూ పేర్లూ మొత్తం తుడిచేసింది.

"నాకు పేరొద్దు, పట్టుకారు కావాలి," అంది. "ఈ టేబుల్ దగ్గరే పనిచేసే రోజుల్లో మూటలో నాకో సూది దొరికింది. ఆలస్యంగా చూశానని తిడతారని తూములో పారేసి ఊరుకున్నా. ఆ తూము బాగుచేసే మనిషికి గుచ్చుకుందో ఏమో, ఇప్పటికీ తెలీదు. పైన ఒకావిడ ప్రాణం మన చేతిలో ఉంది. అందరం గోడవైపు తిరుగుదాం, నేనూ తిరుగుతా. ఉన్నవాళ్ళు టేబుల్ మీద పెట్టెయ్యండి. ఎవరని అడగను, ఒట్టు."

ముందు తనే తిరిగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. ఒక నిమిషం. రెండు. అయిపోయింది, ఎవరూ పెట్టరు అనుకుంది. అప్పుడు డబ్బా మూత లేచిన చప్పుడైంది. రబ్బరు బూట్లు నాలుగడుగులు వేశాయి, కుడి బూటు కొంచెం ఈడుస్తూ. టేబుల్ మీద ఇనుము టంగుమంది.

దాన్ని తీసుకుని ఫోను దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికింది. "దొరికింది! దొరికింది!"

"మీద నంబరు చదవండి," అంది నర్సు.

సబ్బుపొడి తుడిచి చదివింది. "నలభై ఏడు."

"అదే!" అవతల నర్సు ఎవరితోనో "కుట్టెయ్యొచ్చు సార్" అనడం వినపడింది. ఫోను కట్టయింది.

ఆమె స్టూలు మీద కూలబడి భోరున ఏడ్చింది. బాబాయ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"డ్రమ్ములో టకటకమంటే ఆపి తీశాను మేడమ్. ఇప్పటికే రెండు చుక్కలున్నాయి. మనవరాలు హాస్టల్లో ఉంది, ఆదివారమే చూడనిస్తారు. పైన ఇంత జరుగుతోందని నాకు..."

"అడగనన్నానుగా బాబాయ్," అంది. సూపర్వైజరయ్యాక ఆయన్ని ఆ పిలుపు పిలవడం అదే మొదలు.

ఇస్త్రీ ఆవిడ అల్మరా వెనక నుంచి ఓ గుడ్డ మూట తెచ్చి టేబుల్ మీద విప్పింది. డ్రమ్ములో తిరిగి వంకరపోయిన కళ్ళజోడు, విరిగిన థర్మామీటరు, ఏ ముసలాయన దిండుకింద పెట్టుకున్నాడో, ఒక పై వరస కట్టుడు పళ్ళ సెట్టు. ఇంకొకరు బ్లేడు ముక్క తెచ్చారు. ఇంకొకరు కాగితంలో చుట్టిన సూదులు. ఈసారి గోడవైపు ఎవరూ తిరగలేదు.

చివరికి మూటలు విప్పే అమ్మాయి వచ్చింది. వెనక్కి పెట్టుకున్న చెయ్యి ముందుకు తెచ్చి, వేలికి చుట్టిన గుడ్డ విప్పింది. వేలు వాచి కమిలిపోయి ఉంది.

"సూది గుచ్చుకుంది మేడమ్. పది రోజులైంది. చుక్క పడుతుందని చెప్పలేదు."

ఏ జబ్బు మనిషికి పొడిచిన సూదో ఎవరికి తెలుసు? గుచ్చుకున్న గంటల్లోనే పైకి పరిగెత్తి మందు వేయించుకోవాలి. ఆ సంగతి ఆ గదిలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి చుక్కలమ్మే. ఆమె తుడిచిన బోర్డు వంక ఒకసారి చూసింది. లేచి, ఆ పిల్ల మణికట్టు పట్టుకుని మెట్లవైపు లాక్కెళ్ళింది.

"నామీద కోపమొచ్చిందా మేడమ్?" అంది ఆ పిల్ల, సగం మెట్ల మీద.

"నోర్మూసుకుని నడవ్వే," అంది ఆమె, ముక్కు చీదుకుంటూ.