ఘటం మోసిన ఏడాది

ఈ సాయంత్రం మా భాలుబాసా వీధిలోకి అమ్మవారి ఘటం వచ్చింది. ఎండకు కాగిన తారురోడ్డు మీద ఎవరో వేపమండలు వేసిన పసుపునీళ్లు గుమ్మరించారు. తారు, పసుపు, వేప కలిసిన ఆ ఆవిరి వాసన గుమ్మంలో ఉన్న నన్ను తాకగానే అప్పలకొండత్త గుర్తొచ్చింది. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు. నాలుగేళ్ల మా లాస్య నా ఒళ్లో కాలు పడేసి నిద్రపోతోంది. ఆవిడను ఎన్నడూ చూడనివాళ్లకు ఆవిడ గురించి చెప్పాలనిపించి రాస్తున్నాను.

అప్పలకొండత్త మాకు చుట్టం కాదు. పక్కవాటాలో ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి ఈ హిందీ ఊళ్లోని మా తెలుగు వీధికి వచ్చింది. భర్త పోయాక చాలా ఏళ్లు రేజాగా పనిచేసింది. కట్టుబడి పనుల్లో ఇటుకలు, సిమెంటు తట్టలు నెత్తిన మోసే ఆడకూలీలను ఇక్కడ రేజాలంటారు. నేను విజయనగరంలో డిగ్రీ చదివి ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికి ఆవిడ పని మానేసింది కానీ, నడకలో ఆ నిటారుతనం పోలేదు. రోజూ పొద్దున్నే అమ్మవారి పటం ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "హాజరున్నాను తల్లీ" అని, వెళ్లి టీ పెట్టుకునేది. ఆవిడ పూజంతా అంతే. అమ్మవారిని ఇంకేమీ అడగవా అని ఒకసారి నవ్వుతూ అడిగాను.

"పన్లో హాజరేసే మున్షీ పేరు పిలిత్తే ఏటంటాం? హాజర్ అంటాం. ఏ తట్ట ఎక్కడ మొయ్యాలో ఆడు సెప్తాడు. ఈ గోడ ఇలా కట్టు, ఆ గోడ అలా ఎత్తు అని నాను ఆడికి సెప్తానేటి?" అంది.

అప్పుడది నాకు చదువుకోనివాళ్ల అమాయకత్వంలా కనిపించింది.

లాస్యకు ఆరో నెలలో గుండెలో చిన్న రంధ్రం ఉందని తెలిసింది. చాలామంది పిల్లల్లో అదే మూసుకుంటుందని, చూస్తూ ఉందామని డాక్టరు నెమ్మదిగానే చెప్పారు. నాకు ఆ నెమ్మది అంటలేదు. దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చునేదాన్ని. మా అత్తగారిని పిల్లకు నీళ్లు పొయ్యనిచ్చేదాన్ని కాదు. దీపం పెట్టగానే పిల్ల బరువు, దగ్గు, రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో అన్నీ వరసగా అమ్మవారికి అప్పజెప్పి, ఇది తగ్గించు, అది పెంచు అని చెప్పేదాన్ని. ఒకరోజు పెరటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న అప్పలకొండత్త, "రిపోర్టు సదివి ఇనిపిత్తన్నావేటే? ఆవిడకి తెల్దనా?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నీ బిడ్డకైతే తెలిసేది అనేశాను.

ఆవిడ తీగ మీద ఆరిన లాస్య గుడ్డలు తీసి ఒక్కొక్కటీ మడతపెట్టింది.

"నా పెద్దది నెల పిల్లప్పుడు పోనాది అమ్మీ" అంది చివరికి.

మాట వెనక్కి తీసుకునే దారి లేదు. ఆ మర్నాడు కూడా హాజరని ఎలా చెప్పగలిగావు అత్తా అని మాత్రం అడిగాను.

"ఏడుత్తానే సెప్పినాను. ఇంకెవుల కాడికెల్తాను?"

లాస్యకు ఏడాదిన్నర నిండినా రంధ్రం అలాగే ఉంది. ఆ ఎండాకాలం పండగకు ఘటం నేను మోస్తాననీ, బదులుగా ఆ రంధ్రం మూసెయ్యాలనీ అమ్మవారితో మాట్లాడేసుకున్నాను. మా వీధికి ఏటేటా ఘటం ఎత్తేది అప్పలకొండత్తే. భుయ్యాడీహ్ దగ్గర సువర్ణరేఖ నదిలో కుండ నింపి, చెప్పుల్లేకుండా ఇక్కడిదాకా నడవాలి. దారి పొడుగునా జనం ఆ ఘటం ఎత్తినామె కాళ్లకు మొక్కుతారు. వీధిలో ఆడవాళ్లు, కాలేజీ పిల్ల మెడ నాలుగడుగులకే వాలిపోతుందని నవ్వారు. అప్పలకొండత్త ఇంట్లోకి వెళ్లి తన చుట్టకుదురు తెచ్చి నా నెత్తిన పెట్టి సరిచూసింది. అంతటితో ఆ నవ్వులు ఆగాయి.

ఆ రోజు లాస్యను మా అత్తగారి దగ్గర వదిలి నడిచాను. మందు వేశారో లేదో, ఏడుస్తోందో ఏమో అనే ఆలోచన తప్ప డప్పులు కూడా వినిపించలేదు. రెండు చేతులతో కుండను అదిమి పట్టుకున్నాను. పట్టుకున్నకొద్దీ అది ఊగి నీళ్లు మొహం మీద చిందాయి. నా ముందు బకెట్టుతో నడుస్తూ, నా కాళ్లు కాలకుండా రోడ్డు మీద పసుపునీళ్లు పోస్తున్నది అప్పలకొండత్తే. వెనక్కి తిరిగి చూసింది.

"మెడ బిగించకు. సేతులు వదులు సెయ్యి."

పడిపోతుందత్తా అన్నాను.

"పడితే మల్లీ ఎల్లి తెచ్చుకుందుం. ఏరు ఎండిపోనాదేటి?"

ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులో వేళ్లు వాటంతటవే సడలాయి. కుండ నిలబడింది. తర్వాత ఎంత దూరం నడిచానో తెలియదు. గుడి దగ్గర దించాక జనం నా కాళ్లకు మొక్కుతుంటే, అప్పలకొండత్త కుళాయి దగ్గర కూర్చుని ఖాళీ బకెట్టు కడుగుతూ కనిపించింది. అన్నేళ్లు మొక్కులందుకున్న మనిషి వైపు ఆ పూట ఎవరూ చూడలేదు. ఆవిడ మొహంలో మాత్రం పండగ ఏమీ తగ్గలేదు. పాప తిన్నదా అని అడిగింది. ఆ చివరి దారంతా నాకు పాప గుర్తే రాలేదని అప్పుడు తెలిసింది.

ఆ చలికాలం రెండు రోజుల జ్వరంతో అప్పలకొండత్త పోయింది. మరుసటి నెల లాస్యకు గుండె స్కానింగు. నేను పక్కన ఉంటే పిల్ల కదులుతోందని నన్ను బయటికి పంపేశారు. అంతకుముందైతే ఆ తలుపుకే అతుక్కుపోయేదాన్ని. బల్ల మీద నాకన్నా చిన్నపిల్ల ఒకతె ఒళ్లో పసిబిడ్డతో కూర్చుని ఉంది. ఆ బిడ్డ పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కన కూర్చుని నాకొచ్చిన హిందీలో బిడ్డ పేరేమిటని అడిగాను. ఫూల్మణి అంది. ఇంకేమీ చెప్పలేక ఏడ్చింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, తల్లీ, ఈ ఫూల్మణి అని మాత్రం అమ్మవారితో అనుకున్నాను. నర్సు వచ్చి లాస్య పేరు పిలిచేదాకా మా పిల్ల కోసం ఏమీ అడగలేదని నాకు తట్టనేలేదు.

రంధ్రం సగానికి తగ్గిందన్నారు. ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది. వచ్చే నెల మళ్లీ చూపించాలి. నా భయం పూర్తిగా పోలేదు. ఇది రాస్తూనే రెండుసార్లు దాని ఊపిరి చూసుకున్నాను. ఫూల్మణి ఎలా ఉందో నాకు తెలియదు, తెలిసే దారీ లేదు. కానీ రోజూ దీపం పెట్టి చేతులు జోడించగానే ముందు ఆ పేరే నోటికొస్తుంది. లాస్య పేరు ఆ తర్వాత వస్తుంది.