రెండో బేస్‌మెంట్‌లో తలుపు

ఇరవై రెండేళ్లుగా సగం కట్టిన భవనాల్లోనే నా బతుకు. ఖాళీ అంతస్తుల్లో ఒంటరిగా ఎన్ని పైపులు బిగించానో. దెయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే, ఎండదెబ్బేమో, కాస్త మజ్జిగ తాగమనేవాణ్ణి. అందుకే ఇది చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంటుంది.

అప్పుడు దేశ రాజధానిలోని ద్వారకలో ఒక ఆసుపత్రి కడుతున్నాం. నేను ప్లంబింగ్ సూపర్‌వైజర్ని. నా భార్య తమ్ముడు దానియేలు అక్కడే ఎలక్ట్రీషియన్. నర్సుగా చేస్తున్న వాళ్లక్క అడిగిందని కాకినాడ నుంచి నేనే తీసుకొచ్చాను.

ఆ ఏడాది మమ్మల్ని బిమ్ నేర్చుకోమన్నారు. ఇటుక పడకముందే భవనాన్నంతా కంప్యూటర్లో కట్టి చూసుకునే పద్ధతి అది. గోడలు, పైపులు, తీగలు అన్నీ కొలతలతో సహా అందులో ఉంటాయి. ఏది దేనికి అడ్డొచ్చినా ముందే ఎర్రగా చూపిస్తుంది. నేర్పింది స్వాతి. కంటోన్మెంట్‌లో పెరిగిన తెలుగు సైనికుడి కూతురు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. "అంకుల్, అందర్ చల్‌కర్ దేఖియే," అని, లోపల నడిచి చూడమంటూ కంప్యూటర్ తెర మీద నన్ను రెండో బేస్‌మెంటంతా నడిపించేది.

నెల తర్వాత, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, ఆ బేస్‌మెంట్‌లోనే మంటలు లేచాయి. అందరూ పైకొచ్చారు, దానియేలు తప్ప. ఫైరింజను ఇంకా రాలేదు. తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని మెట్లు దిగాను. వాళ్లక్కకి ఏం చెప్పాలన్న ఒక్క ఆలోచనే నా బుర్రలో ఉంది.

పంపు గది దగ్గర కాలికి తగిలాడు. స్పృహ ఉంది కానీ లేవలేకపోతున్నాడు. భుజానికెత్తుకుని తిరిగేసరికి మెట్ల వైపు మంట అందుకుంది. వేరే దారి లేదు. పొగలో నా చెయ్యి నాకే కనపడటం లేదు.

"బావా, నన్నొదిలేసి నువ్వెళ్లిపో," అన్నాడు.

"నోర్ముయ్యి," అన్నాను. ఏసయ్యా, ఏసయ్యా అని ఏడుస్తున్నాను.

అప్పుడు తెర మీద నడిచిన దారి గుర్తొచ్చింది. పంపు గది దాటగానే ఎడమకు, గోడ చివర తలుపు. తడుముకుంటూ వెళ్లాను. ఇనుప పిడి చేతికి చల్లగా తగిలింది. తోశాను. అవతల గాలి, కార్లు దిగే ర్యాంపు. పైకి పాకి వెలుతుర్లో పడ్డాం.

మూడు రోజులకు స్వాతిని తీసుకుని కిందికెళ్లాను. తలుపు లేదు. మసిబారిన కాంక్రీటు గోడ, ఈ చివర నుంచి ఆ చివరకు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. నేను నేర్చుకున్నది పాత మోడల్ మీద. గాలి గొట్టం అడ్డొస్తోందని, గోడ పోయకముందే ఆ తలుపును తీసేశారట.

"అంకుల్, యహాఁ దర్వాజా బనా హీ నహీ," అంది, ఇక్కడ అసలు తలుపే పెట్టలేదని.

పొగలో భ్రమపడ్డాననే అనుకున్నాను. కానీ మేం ర్యాంపు మీదుగా రావడం వాచ్‌మన్ చూశాడు. దానియేలుని చేర్చిన ఆసుపత్రికి వెళ్లి, వాడికి ఇదేమీ చెప్పకుండా, ఎలా బయటపడ్డామో గుర్తుందా అని మాత్రం అడిగాను.

"నువ్వు తలుపు తోశావు గదా బావా. దాని అంచు నా తలకి కొట్టుకుంది," అన్నాడు. నుదుటి మీద కుట్లున్నాయి.

నా భార్య అది ప్రార్థనకు జవాబంటుంది. నేను ఔననలేను, కాదనలేను. ఇంజనీర్లు ఆ గోడను రెండుసార్లు తట్టి చూసి వెళ్లారు. ఇప్పుడు మేం కట్టిన ఆ ఆసుపత్రి నడుస్తోంది. గోడకు తెల్ల రంగు వేసి, దాని ముందు ఆక్సిజన్ సిలిండర్లు నిలబెట్టారు.