మైకులో నేను పిలిచిన అందరూ

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన నాకు వచ్చిన ఇంగ్లీషు మాటలు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. వాటిలో రెండు సినిమా హాలులో, ఒకటి బ్రాందీ షాపు ముందు నేర్చుకున్నవి. మిగతావి ఎక్కడ నేర్చుకున్నానో మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. మొన్న జగిత్యాలలో, నా ఇస్త్రీ దుకాణం ముందు ఒకాయన ఫోన్ ముఖానికెదురుగా పట్టుకుని "హాయ్ గైస్!" అన్నాడు. పెట్టె చొక్కా మీదే వదిలేసి అటు చూశాను. నూలు మాడిన వాసన లేచాక పెట్టె ఎత్తాను గానీ, ముక్కుకు తగిలింది ఆ చొక్కా వాసన కాదు. సిరిసిల్లలో తగలబడిన మా కుట్టు షెడ్డు వాసన. దాని వెనకే రజియా ఆపా.

ఆపా అంటే అక్క, అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమె పుట్టిల్లు కోరుట్ల. బీడీలు చుట్టి చుట్టి అరిగిన వేళ్లతో సిరిసిల్లకు కోడలిగా వచ్చి, మా షెడ్డులో ఇరవై మంది ఆడవాళ్లకు పెద్దదయింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టేవాళ్లం. నన్ను పెట్టుకున్నది మూటలు మోయడానికి. నేను మోసింది తక్కువ, వాగింది ఎక్కువ. ఖాళీ దొరికితే ఆపా నన్ను మిషను ముందు కూర్చోబెట్టేది. నేను కుట్టిన మొదటి కాలరు చూసి, "ఏంరా శీనూ, గిది మనిషి మెడకా, బర్రె మెడకా?" అంది. మూడుసార్లు విప్పించింది. నాలుగోసారి ఏమీ అనలేదు. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఈ జన్మలో ఇంకెవరూ ఇవ్వలేదు.

నా నోరు చూసి షెడ్డు యజమాని సేటు మైకు నా చేతికిచ్చాడు. ముందు హాలులో మగవాళ్లు బట్ట కత్తిరించేవాళ్లు. వెనక హాలులో ఆడవాళ్లు కుట్టేవాళ్లు. రెండింట్లోనూ స్పీకర్లుండేవి. లారీ రాగానే నేను "గైస్! గేటు కాడికి!" అని కేకేసేవాణ్ని. మగవాళ్లు వెళ్లి మూటలెత్తేవాళ్లు. ఒకరోజు చాయ్ దగ్గర ఆపా అడిగింది.

"గా గైస్‌ల మేమున్నమా, లేమా?"

"ఎందుకు లేరు ఆపా! గైస్ అంటే అందరు. ఆడ, మొగ, సేటు, సేటు కుక్క గూడ."

"గట్లనా? అయితే రేపు సూడు."

మరునాడు నేను కేకేయగానే ఆపా ముందు నడిచింది, వెనక ఇరవై మంది ఆడవాళ్లు. కొంగులు బిగించి లారీ దగ్గర నిలబడ్డారు. మగవాళ్లు ఈలలేశారు. సేటు పరుగున వచ్చి, "మిమ్మల్ని ఎవలు పిలిచిండ్రు? పోండ్రి మిషన్ల కాడికి!" అని కసిరాడు. ఆపా నావైపు చూసింది. పిలిచింది నేనేనని ఒక్క మాట అంటే సరిపోయేది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ రోజు తర్వాత ఆ పిలుపుకు వెనక హాలులో ఎవరూ తల ఎత్తలేదు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. గోదాములో వైరు రాజుకుని బట్ట మూటలంటుకున్నాయి. పొగ చూసి మైకు అందుకున్నాను. నోటికి అలవాటైన మాటే వచ్చింది: "గైస్! గేటు కాడికి! జల్ది!" మగవాళ్లు బయటికి ఉరికారు. నేనూ ఉరికాను. సేటు, "అందరొచ్చిండ్రా?" అని అడిగాడు. వెనక్కి తిరిగి చూశాను. తెలిసిన ముఖాలే.

"అందరొచ్చిండ్రు సేటు," అన్నాను.

లోపల మిషన్ల చప్పుడు వినబడుతూనే ఉంది. రోజూ వినేదే కదా, చెవి పెట్టలేదు. వెనక హాలు ఆడవాళ్ల లెక్కలో నా కేకకు అర్థం లారీ వచ్చిందని, అంతే.

తర్వాత జరిగింది నాకు వెనక హాలులో అందరికంటే చిన్నదైన లావణ్య చెప్పింది. పొగ వెనక హాలులోకి వచ్చాక ఆపా ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ పక్క తలుపులోంచి బయటికి పంపిందట. బయట చూసుకుంటే లావణ్య లేదు. ఆపా దుపట్టా ముక్కుకు కట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లి, సొమ్మసిల్లిన పిల్లను ఈడ్చుకొచ్చింది. తన కాళ్ల మీదే నడిచి వచ్చింది కాబట్టి ఏమీ కాలేదనుకున్నాం. ఆ పొగ ఆమె ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. వాళ్లన్న కోరుట్లకు తీసుకెళ్లాడు. ఆ వానాకాలం దాటలేదు ఆపా.

షెడ్డు మళ్లీ తెరవలేదు. నా దుకాణంలో ఇప్పుడు ముగ్గురు పనిచేస్తారు, ఇద్దరు ఆడవాళ్లే. చాయ్‌కి పిలవాలన్నా ముగ్గురి పేర్లూ పిలుస్తాను. షట్టరు దించేముందు ఒక్కొక్కరి ముఖమూ చూస్తాను. వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆపా పోయేముందు ఒక్కసారి కోరుట్ల వెళ్లి చూశాను. మంచం పక్కన సిలిండరు, ముక్కుకు గొట్టం. దారి పొడవునా ఏదో ఒక నవ్వు మాట వెతుక్కుంటూ వెళ్లాను, దొరకలేదు. చివరికి నన్ను నేను కాపాడుకునే మాటే వచ్చింది.

"నేను అందరినే పిలిచిన ఆపా. ఇంగ్లీష్‌ల గా మాటకు అందరు అనే అర్థం. ఒట్టు."

ఆపా ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంది.

"ఉంటది బేటా, సదువుకున్నోళ్ల కాడ ఉంటది," అంది. "మరి అందరొచ్చిండ్రని సేటుకు జెప్పినవు జూడు, గా అందర్ల నేనున్ననా?"