మందవాళ్ళకు పెట్టిన సంగటి

ఉదయగిరి కొండ కింద పుట్టి పెరిగినదాన్ని కాబట్టి చరిత్ర అంటే కోటలూ రాజులే అనుకుని ఫోనులో చెప్పే చరిత్ర పాఠాల్లో చేరాను. ఫీజు లేదు, ఫోనుంటే చాలు, తెలుగులోనే చెప్తారు అన్నారు. నాకు యాభై ఏళ్ళు. ఇంటర్ మధ్యలో ఆపించి ఆత్మకూరు దగ్గరి ఈ ఊరికి కోడలిగా పంపారు. ఇన్నాళ్ళకు నా పేరు మీద ఒక సర్టిఫికెట్ వస్తుందంటే, దాపరికమెందుకు, ఆశ పుట్టింది.

తీరా చూస్తే అందులో రాజులు లేరు. ఎవరు ఏం తిన్నారు, ఎక్కడ కూర్చుని తిన్నారు, ఎవరి గుమ్మం దాకా ఎవరు రావచ్చు, ఇవీ పాఠాలు. ఫోను పోపుల డబ్బాకు ఆనించి, పప్పు ఎనుపుకుంటూ వినేదాన్ని. బర్రెల పని, వంట, కూలీలకు అన్నం, పైన ఈ మోకాళ్ళ నొప్పులు. సగం పాఠానికే కునుకు పట్టేది. మళ్ళీ వెనక్కి తిప్పి వినడం. ఓపిక చాలక రెండుసార్లు మానేద్దామనుకున్నాను.

"ఏంది కలెక్టరమ్మా, నువ్వు పాసై ఎవురిని ఉద్ధరించాల?" అని మా ఆయన ఎగతాళి.

"నన్నే" అన్నాను. ఆయన నవ్వి టీవీ పెట్టుకున్నాడు.

ఆఖరున ఒక పని ఇచ్చారు. మీ ప్రాంతపు పాత పద్ధతి ఏదైనా, అది చేసినవాళ్ళనే అడిగి రాయాలి. తోటి విద్యార్థులు ఇద్దరు చదివి మార్కులు వేస్తారు. వాళ్ళు సరేనంటేనే సర్టిఫికెట్.

నాకు మంద కట్టడం గుర్తొచ్చింది. కోతలయ్యాక మర్రిపాడు వైపు మెట్ట ఊళ్ళ నుంచి గొర్రెలవాళ్ళు వచ్చేవాళ్ళు. రాత్రిళ్ళు మంద మా చేలో పడుకుంటే ఆ పెంటికలే చేనుకు ఎరువు. బదులుగా వాళ్ళకు వడ్లు ఇచ్చేవాళ్ళం, రాత్రి కూడు మా ఇంటి నుంచే పోయేది.

ఇక్కడే బుద్ధి గడ్డి తింది. అడగకముందే రాసేశాను. రైతు ఇంటి కూడు, కాపరి మంద ఎరువు, ఒకరికొకరు ఆసరా అని. భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. ఇక అడగడం మాట వరసకే కదా అనుకుంటూ మర్రిపాడు బస్సెక్కాను.

ఏటా మా చేలో మంద కట్టిన ఆవిడ ఇంటి ముందు పందిట్లో చింతపండు గింజ తీస్తూ కనిపించింది. భర్త పోయాడు, గొర్రెలు అమ్మేశారు, కొడుకు లారీ తోలుతున్నాడు. నన్ను చూసి గబగబా లేవబోయింది.

"కూర్చో పెద్దమ్మా" అన్నాను. అప్పట్లో ఏమని పిలిచేదాన్నో తలుచుకోవడం ఇష్టం లేకపోయింది.

మాటలు రికార్డు చేద్దామని ఫోను ముందు పెడితే మొదట అంతా పొగడ్తే. మా మామ మహరాజట, మా చేను చల్లని చేనట. నేను రాసుకున్న దానికి సాక్ష్యం కావాలి కదా, "మా ఇంటి కూడు మీకు సరిపోయేదా?" అని అడిగాను.

ఆమె చెయ్యి ఆగింది.

"అడిగినావు కాబట్టి చెప్తాండా. ఒక ఏడు సంగటి పాసిపోయి ఉండాది. ఆకలికి తినేసినాము. మా పాపకు ఏడేండ్లు. తెల్లార్లూ కక్కతానే ఉండాది. ఎత్తుకొని ఆత్మకూరు ఆసుపత్రికి నడిచినాము. బతికింది, ఏదో మా అదృష్టం."

"అయ్యో! మాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఎట్ట చెప్పేది? చెప్తే మళ్ళా ఏడు మీ చేలో మంద కట్టనిస్తారా?" అంది. నా మొహం చూసి, "నీదేముందిలేమ్మా, కొత్త కోడలివి. మీ అత్త ఇచ్చింది తెచ్చినావు" అని మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది.

ఆ గిన్నె నాకు గుర్తుంది. ఎండాకాలం, మధ్యాహ్నం సంగటి. మూత తీస్తే గుప్పున వాసన. అత్తతో చెప్పాను. "మందోళ్ళకేంలే, అరిగించుకుంటారు" అంది. కూరలో ఉప్పు దగ్గర కూడా అత్తతో వాదం పెట్టుకునేదాన్ని, ఆ పూట నోరు మెదపలేదు. గిన్నె నెత్తిన పెట్టుకుని చేలోకి నడిచాను.

ఇంటికొచ్చి పాత రాత తీసేశాను. ఒళ్ళు హూనమైనా కూర్చుని మొత్తం మళ్ళీ రాశాను. పాసిన సంగటి, పాప, ఆసుపత్రి, వాళ్ళ భయం, అన్నీ. 'ఆ ఇంటి పెద్దావిడ ఆ సంగటి పంపింది' అని రాశాను. అబద్ధం కాదు కదా! అత్త పోయి ఎనిమిదేళ్ళయింది. పోయినవాళ్ళు ఎదురు చెప్పరు.

కొన్నాళ్ళకు మార్కులొచ్చాయి. ఇద్దరూ పాస్ చేశారు. ఒకాయన అయితే నిండా మార్కులు వేశాడు. రెండో మనిషి ఎవరో, ఏ ఊరో, కింద ఒక ముక్క రాశారు: "బాగుందండీ. ఇంతకీ ఆ సంగటి చేలోకి మోసుకెళ్ళింది ఎవరు?"

ఊరికే తెలుసుకుందామని అడిగారేమో. గుమ్మడికాయల దొంగ అంటే నేనే భుజాలు తడుముకున్నాను. సర్టిఫికెట్ ఫోన్‌లోకి వచ్చింది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని నా పేరు రెండుసార్లు చదివి, "ఫ్రేము కట్టిస్తాలే" అన్నాడు. వద్దన్నాను. ఎగతాళి చేసినందుకు అలిగాననుకున్నాడు పాపం.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక మర్రిపాడు పెద్దమ్మ కొడుకు నంబరుకు ఫోను చేశాను. ఫోను ఆమెకిచ్చాడు.

"పెద్దమ్మా, ఆ పూట సంగటి పాసిపోయిందని నాకు తెలుసు. తెలిసే తెచ్చాను" అన్నాను.

"నాకూ తెలుసులేమ్మా. గిన్నె నా చేతికిచ్చేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొనుంటివి కదా."