మడుగులో పోసిన పత్తి మందు

వదిన బర్రె ఎండదెబ్బకు చచ్చిందని మా ఊళ్ళో ఇప్పటికీ చెబుతారు. పిల్లలకు కూడా అలాగే చెబుతున్నారు. అది అబద్ధం. ఆ రోజు నేను వాగు దగ్గరే ఉన్నాను. నేను రాయకపోతే ఆ అబద్ధమే మిగులుతుంది.

ఏన్కూరు దాటాక అడవి అంచున మా ఊరు. ఎండాకాలంలో వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలేది. పశువులన్నిటికీ అవే నీళ్ళు. ఏటా ఒక రోజు ఊరంతా కలిసి అందులో చేపలు పట్టి పంచుకునేవాళ్ళం. పై గూడెం పెద్దాయన అడవి మంగకాయలు దంచి కలిపేవాడు. చేపలు మత్తెక్కి తేలేవి, నీళ్ళు మళ్ళీ మామూలయ్యేవి. పత్తి వేయడం మొదలయ్యాక మావాళ్ళకు ఆ ఓపిక పోయింది. ఆ ఏడు మా బావ, పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా పట్టుకొచ్చాడు.

నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి. అయినా వైరా గ్రంథాలయంలో వ్యవసాయం బీరువా మొత్తం చదివాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

"బావా, గా మందు చేప కండల్ల గూడ ఉంటది. రేపు పసులు ఏం తాగుతయ్?" అన్నాను.

"పేగులు తీసి చింతపండు పులుసు పోస్తే ఏ మందైనా ఇరుగుతది. గా ముచ్చట నీ బుక్కులల్ల రాయలేదా ఏంది?"

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. మా పెద్దనాన్న కోడలామె. భర్త పోయాక ఆ ఒక్క బర్రె పాలతోనే పిల్లల్ని సాకుతోంది.

"మరి నా బర్రెను ఏడికి తోలుకపోవాలె అన్నా?" అని బావను అడిగింది.

"రెండ్రోజులు కట్టేసి బోరింగు నీళ్ళు తాపు."

పోశాడు. చేపలతో ఆగలేదు. కప్పలు, పీతలు, నీరుకట్టె పాములు వెల్లకిలా తేలాయి. ఎవరికీ అక్కరలేని పిల్లచేపలు ఒడ్డున తెట్టె కట్టాయి. వాటిని తొక్కుకుంటూ, జారిపడి నవ్వుకుంటూ సంచులు నింపారు. ఒకాయన ఆ చేతులతోనే బీడీ ముట్టించాడు.

మధ్యాహ్నం ఎండకు బర్రె పలుపు తెంపుకుంది. మేం పరుగెత్తి వెళ్ళేసరికి మడుగులో మెడదాకా దిగి తాగుతోంది. పొద్దుగూకక ముందే నోట నురగతో పడిపోయింది.

జనం మూగారు. సగం మంది అప్పటికే తిని వచ్చారు, చేతులు నీచు వాసన కొడుతున్నాయి.

"ఎండదెబ్బ," అన్నాడు బావ, పళ్ళ సందులోంచి ముల్లు తీసుకుంటూ.

"అవ్, ఎండదెబ్బనే," అంటూ చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

మందు వల్లే అని ఒప్పుకుంటే తమ కడుపులో ఉన్నదేమిటో కూడా ఒప్పుకోవాలి. వాళ్ళంతా నావాళ్ళే. అయినా ఆ తలలూపడం గుర్తొస్తే నాకు ఇప్పటికీ అసహ్యమే.

బర్రెను పూడ్చే గుంతలోనే వదిన తన వాటా పులుసు కుండతో సహా పడేసింది. మర్నాడు మిరపకాయలు ఏరే కూలికి పోయింది. పిల్లలు నల్ల చాయ్ తాగారు.

పేర్లు వద్దంది వదిన. అందుకని వరసలతోనే దండాలు పెడుతున్నాను. ఇది రాయమన్న వదినకు, మా పశువులు తాగడానికి ఇసుకలో తాము తవ్వుకున్న చెలమ చూపించిన గూడెం పెద్దాయనకు, నాతో గుంత తవ్విన ఆయన కొడుకులకు, పుస్తకాలు ఇంటికిచ్చిన గ్రంథాలయం సారుకు. మా ఊరి నుంచి ఈ దండాల్లో చేర్చడానికి వదిన తప్ప ఎవరూ లేరు.