కల్లంలో కనబడని జ్వరం

పినపాక అవతల, అడవి అంచున ఓ కోయగూడెం. నేను పనిచేసిన అక్కడి ఆరోగ్య సబ్‌సెంటర్‌లో మలేరియా పరీక్షకు ఒక మైక్రోస్కోపు ఉండేది. ఎనభైల్లో ఓ ఎండాకాలం దాన్ని పట్నానికి పంపేయాలని మా ఆఫీసరు నిర్ణయించారు. "ఇక్కడ మలేరియా తగ్గిందమ్మా, వేరేచోట అవసరం ఉంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. వానలు పడితే వాగు పొంగి దారి మూసుకుపోతుంది. రక్తం పూసిన స్లైడ్లు పట్నం వెళ్లి ఫలితం తిరిగొచ్చేసరికి రోగి ఉంటాడో పోతాడో ఎవరికి తెలుసు?

ఆయన చెడ్డవారు కాదు. మధిర వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. మలేరియా తగ్గిందన్న ఆయన లెక్క కూడా తప్పు కాదు, లెక్క తీసిన చోటే తప్పు. అది బీడీలకు తునికాకు కోసే కాలం. గూడెం గూడెమంతా తెల్లారకముందే అడవిలోకి పోయి, ఆకు కోసి, కట్టలు కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లంలో అప్పజెప్పేది. అందరూ కల్లానికే వస్తుంటే ఇల్లిల్లూ తిరగడమెందుకని మలేరియా సర్వేవాళ్లు అక్కడే కూర్చుని వేళ్లు గుచ్చి రక్తం తీశారు. మలేరియా దాదాపు కనబడలేదు.

నేను కొత్తగూడెం గని కార్మికుడి కూతుర్ని. బొగ్గుబాయి దగ్గర హాజరు పలికేవాళ్లందరూ గట్టిగానే ఉంటారు. మూలిగేవాడు క్వార్టర్‌లో మంచం మీద ఉంటాడు. చలిజ్వరంతో వణికేవాడు ఆకెట్లా కోస్తాడు? సర్వే పద్ధతుల పాఠం కాలేజీలో బట్టీపట్టి పాసయ్యాను గానీ, అర్థమైంది మాత్రం అప్పుడే.

"సార్, మీరు నడవగలిగినోళ్లనే చూసిండ్రు. మంచం పట్టినోళ్లు ఇంట్లనే ఉన్నరు" అన్నాను.

"పగలు ఇళ్లకెళ్తే ముసలివాళ్లు, రోగులే కదమ్మా దొరికేది. అప్పుడు ఊరంతా జ్వరమే అంటావు."

కోపం వచ్చింది గానీ, ఆయన మాటా నిజమే. రెండు రోజులు బుర్ర గోక్కుని కొత్త పద్ధతి వేసుకున్నాను. అన్ని ఇళ్లకూ చీటీలు రాసి ఊరందరి ముందు కొన్ని తీయాలి. ఏ ఇల్లొస్తే ఆ ఇంట్లో రాత్రి పడుకున్న ప్రతి మనిషినీ, జ్వరమున్నా లేకున్నా, అడవికి బయలుదేరకముందే పరీక్ష చేయాలి. ఆఫీసరు విని, "ఏం తేలితే దానికి కట్టుబడతావా?" అన్నారు. "కట్టుబడతా సార్" అన్నాను.

తీరా చీటీల్లో ఊరిపెద్ద ఇల్లు రాలేదు. ఆయనకు తల తీసేసినట్టయింది. "ఏంది బిడ్డా, నా ఇల్లు ఇడిసిపెట్టి పోతవా? మా కోడలు పొద్దుగాల సంది వణుకుతాంది" అన్నాడు. వెళ్లి రక్తం తీశాం. మా ల్యాబ్ టెక్నీషియన్ మైక్రోస్కోపులోంచి తలెత్తి నవ్వాడు.

"మేడమ్, మలేరియానే. మంచిగ దొరికింది, లెక్కల కలుపుదాం."

నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

"మందియ్యి. లెక్కల కలపకు."

"ఇదేం పంతం మేడమ్? ఈ మిషిని పోతే మళ్లొస్తదా?"

"జ్వరమున్నోళ్లను ఏరుకొని కలిపితే మన సర్వే ఎవలు నమ్ముతరు?"

అతను ఆ పూటంతా మూతి ముడుచుకునే పనిచేశాడు. 

కానీ చీటీ వచ్చిన ఇళ్లే చాలినంత చెప్పాయి. మూలన ముసుగేసుకున్నవాళ్లు, ఒళ్లు కాలుతున్నా ఆకుకు పోదామని లేచి కూలబడ్డవాళ్లు, ఎందరో మలేరియాతో బయటపడ్డారు.

ఆఫీసరు వచ్చిన రోజు డ్రైవరు ముందే మైక్రోస్కోపు పెట్టెను జీపులోకి ఎక్కించేశాడు. ఆఫీసరు నా ఫలితాలు చూసి అనుమానంగా తలెత్తారు. "జ్వరమున్న ఇళ్లనే ఏరుకోలేదు కదా?" నేను చీటీలు తీసి చూపబోయాను. అంతలో ఊరిపెద్ద ఫిర్యాదుకు వచ్చాడు.

"సార్, మా కోడలికి మలేరియా జొరమని మందిచ్చిండ్రు. లెక్కల మాత్రం రాసుకోలే. చీటీ రాలేదంట. మేం మనుషులం కామా?"

ఆఫీసరు నా వైపు తిరిగారు. "నిజమేనా? దొరికిన కేసును వదిలేశావా?"

"మందిచ్చినం సార్. లెక్కలకు తీసుకోలే."

"ఏరుకునేదానివైతే ముందు ఆ కేసునే కలిపేదానివి" అన్నారాయన. తర్వాత జీపు వైపు తిరిగి, "ఆ పెట్టె దించవయ్యా" అన్నారు.

డ్రైవరు కదిలేలోపే నేను జీపెక్కాను. పెట్టెను రెండు చేతులా ఎత్తి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, ఊరంతా చూస్తుండగా లోపలికి మోసుకెళ్లాను.